గాల్వెస్టన్ ప్లెజర్ పియర్‌కి పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

కేటీ కోడలు:
మా అత్తయ్యగారు, మామయ్యగారు విశాఖ నుంచి వచ్చారు. ఇక్కడ టెక్సస్‌లో సముద్రం మీద వంతెనపై రైడ్లు పెట్టి 2012 మేలో తెరిచిన ప్లెజర్ పియర్‌కి శనివారం తీసుకెళ్లమని మావాడు ఒకటే గొడవ. పదకొండేళ్లవాడు, ఐరన్ షార్క్ రోలర్ కోస్టర్ ఎక్కాలట. మావారికి ఆ రోజు డ్యూటీ. మామయ్యగారేమో "బీచ్ రోడ్డులో రోజూ నడిచేవాణ్ణి, నాకు సముద్రం చూపిస్తారా?" అంటున్నారు. వాళ్లకి అక్కడ ఏముంది? వాడితో నేను ఎక్కగలనా? నాకు జెయింట్ వీల్ అంటేనే టెన్షన్.

పియర్‌ల్యాండ్ పిన్ని:
అయితే మీరు ఎక్కకండమ్మా. మేము ఈమధ్యే వెళ్లాం. అది మామూలు కోస్టర్‌లా ఏటవాలుగా ఎక్కదు. మనల్ని వెల్లకిలా ఉంచి 100 అడుగులు నిట్టనిలువుగా లాగుతుంది. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఆ కాస్తలోనే నాకు తెలిసిన దేవుళ్లందరూ అయిపోయారు. పైన ఒక్క క్షణం నెమ్మదించి, నిలువు కంటే ఇంకాస్త లోపలికి వంగి దూకుతుంది. వేగం గంటకు 52 మైళ్లు. అప్పుడిక భయపడే తీరికే ఉండదు, భయమంతా ఎక్కేటప్పుడే. ముందు ఎత్తు కొలిచే బోర్డు దగ్గర బాబుని నిలబెట్టి చూడండి. క్యూ అంతా నిలబడ్డాక వెనక్కి పంపితే ఆ ఏడుపు మీరు ఆపలేరు.

పెద్దవాళ్లకి రైడ్ల పాస్ కొనకండి, లోపలికి నడిచి వెళ్లే టికెట్ చాలు. సముద్రంలోకి 1,100 అడుగులకు పైగా వంతెన మీద నడక, చాలదూ? మామయ్యగారికి తుపాన్ల సంగతి చెప్పండి, ఆసక్తిగా వింటారు. 1940లలో కట్టిన పాత పియర్‌ని 1961లో కార్లా తుపాను పాడుచేసింది. అక్కడే హోటల్ కట్టారు, 2008లో ఐక్ తుపాను వచ్చి దాన్నీ దెబ్బతీసింది. మళ్లీ అదే చోట ఇప్పుడిది! మొండివాళ్లు. ఎదురుగా ఒడ్డు పొడవునా ఉన్న అడ్డుగోడ, సీవాల్ కూడా 1900 తుపానులో వేలమంది పోయాక కట్టిందే, 17 అడుగుల ఎత్తు.

షుగర్‌ల్యాండ్ బాబాయ్:
విశాఖవాళ్లు నీళ్లు చూసి నవ్వుతారు, ముందే చెప్పి ఉంచండి. గోదావరి కొత్తనీరులా ఉంటాయి. మిస్సిసిపీ తెచ్చి కలిపే ఒండ్రు అట్నుంచి ఇటు కొట్టుకొస్తుంది, మురికి కాదు. ఇంకోటి, వాన ముసురుకొచ్చి మెరుపులు మొదలైతే రైడ్లు ఆపేస్తారు. ఆకాశం చూసుకుని టికెట్లు తీసుకోండి.

కేటీ కోడలు:
థాంక్సండీ. శనివారం అత్తయ్యగారు నీచు ముట్టరు. పియర్ ముందు రొయ్యల హోటల్ ఉందట కదా, ఎలా?

పియర్‌ల్యాండ్ పిన్ని:
దాని జోలికి పోకండి. దారిలోనే మా ఊరి మీనాక్షి గుడి, దర్శనం చేసుకుని ఎండ తగ్గాక బయల్దేరండి. పులిహోర కట్టుకెళ్లి, లోపలికి వెళ్లేముందు సీవాల్ మీద కూర్చుని తినేయండి. గాలికి కాగితం ప్లేట్లు ఎగిరిపోతాయి, స్టీలు గిన్నెలు పెట్టుకోండి.