ఈ ఏడు గిజిగాళ్లు తగ్గాయా, చోటు మార్చాయా?

కాశీనగర్ నుంచి:
నిరుడు వానాకాలంలో మా చెరువు గట్టు తాటిచెట్ల నిండా గిజిగాడి గూళ్లే. ఈ ఏడు అవే చెట్లకు అక్కడొకటి ఇక్కడొకటి వేలాడుతున్నాయి, అవీ సగం అల్లినవే. పిగిలిపిట్టలు, గోరింకలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. పొలాల్లో పురుగుమందు కొట్టడం ఎక్కువైంది, అదేనా కారణం? మీ వైపు ఎలా ఉందో చెప్పండి, నాకు చాలా బెంగగా ఉంది.

గుణుపురం:
అన్నా, ఒక్క ఏడు చూసి తగ్గిపోయాయనుకోవద్దు. గిజిగాడు వరి ఆకునో పొడుగు గడ్డినో పోగులుగా చీల్చి అల్లుతుంది కాబట్టి వానలు ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యమే, ఒక్కోసారి గుంపంతా పక్క గెడ్డ (వాగు) మీది చెట్లకు మారిపోతుంది. పైగా గూళ్ల లెక్క పిట్టల లెక్క కాదు. మగది సగం అల్లాక ఆడది వచ్చి చూస్తుంది, దానికి నచ్చితేనే గూడు పూర్తవుతుంది, లేదంటే మగది దాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. కిందికి పొడుగు గొట్టం దిగిన గూళ్లు వేరే, సగం గూళ్లు వేరే రాసుకోండి.

పర్లాకిమిడి:
మందు సంగతి కొట్టిపారేయకండి. పెద్దవి గింజలు తిన్నా పిల్లలకు పెట్టేది మిడతలు, పురుగులే. చెట్ల సంగతి కూడా ఉంది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాలో ఎన్ని చెట్లు కూల్చిందో అందరం చూశాం, తాటిచెట్టు ఎదగాలంటే ఏళ్లు పడుతుంది.
పాడే పిట్టలతో ఇంకో చిక్కు. పెద్ద నల్లంచి ఎండాకాలం తెల్లవారకముందే గొంతెత్తుతుంది, చలికాలంలో పాటే ఉండదు. డిసెంబరును ఏప్రిల్‌తో పోలిస్తే పిట్టలు మాయమైనట్టే అనిపిస్తుంది. ఏటా అదే నెల, అదే వేళ, అదే దారిలో చూడాలి.

జయపురం:
చూసింది ఈబర్డ్‌లో, అంటే ఎవరైనా తాము చూసిన పిట్టల జాబితా పెట్టే వెబ్‌సైట్‌లో, పెట్టండి. కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన వినిపించిన ప్రతి పిట్టనూ, కాకితో సహా రాయాలి. మనలాంటి వాళ్ల జాబితాలతోనే 2023లో దేశం మొత్తం మీద 942 జాతుల పరిస్థితి చూశారు, అందులో గిజిగాడు దాదాపు నిలకడగానే ఉందని తేలింది. ధైర్యమిచ్చే మాటే, కానీ దేశం లెక్క మీ చెరువు లెక్క కాదు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పక్షుల లెక్కింపు ఉంటుంది, అందులోనూ చేరండి.

కాశీనగర్ నుంచి:
అందరికీ థ్యాంక్స్. గొట్టం గూళ్లు విడిగా రాస్తాను, అవతల గెడ్డ వైపు కూడా చూసొస్తాను. గట్టు చివరి తాటిచెట్లు కొట్టేస్తారని వింటున్నాను, పంచాయతీలో అడగాలి. ఈ చుట్టుపక్కల వాళ్లెవరైనా ఆదివారం పొద్దున్నే రాగలరా?