మోకాలు నొప్పికి పొట్ట కసరత్తు ఎందుకు?

ఓరుగల్లు చిన్నోడు:
అమ్మకు 61 ఏళ్ళు. రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు, నడుము నొప్పి సరేసరి. ఫిజియోథెరపీకి తీసుకెళ్తే, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపమన్నారు. ‘కోర్’ అంటే పొట్ట, నడుము చుట్టూ ఉండే కండరాలు గట్టిపడాలట. మోకాలు నేలకు తగిలితేనే అమ్మకు ప్రాణం పోతుంది. మూడో రోజు ‘నేను రాను బిడ్డా’ అని కూర్చుంది. నొప్పి మోకాలిలో ఉంటే పొట్టకు కసరత్తేంది?

కాజీపేట ఫిజియో:
తమ్మీ, దాని వెనక లెక్క ఉంది. మనం చెయ్యి ఎత్తబోతుంటేనే పొట్ట లోపలి కండరం ముందుగా బిగుసుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యమవుతుందని 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపించారు. కోర్ మాట ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఎనుమాముల అన్న:
ఆలస్యం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల ఆలస్యమా? అది తేలకుండానే మోచేతులూ కాలివేళ్ళూ ఆనించి ఒళ్ళు బిగబట్టే ప్లాంక్‌లు అందరితో వేయిస్తున్నారు. 2016లో, జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష పాత నడుము నొప్పికి ఈ కసరత్తులను మిగతా వ్యాయామాలతో పోల్చి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. మా బాపు ముప్పై ఏళ్ళు మార్కెట్లో మిర్చి బస్తాలు మోశాడు. పొట్ట బండరాయి. మోకాళ్ళు మాత్రం పోయాయి.

కాజీపేట ఫిజియో:
అన్నా, బస్తాల మోత వేరు, కసరత్తు వేరు. సమీక్ష సంగతి మాత్రం ఒప్పుకుంటా. మోకాలికైతే మొదట తొడ ముందరి కండరం, తుంటి కండరాలు. కోర్ వాటికి తోడు, అంతే. ఒళ్ళు ఎక్కువుంటే బరువు కూడా తగ్గాలి: కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005 నాటి అధ్యయనంలో తేలింది.

నాకు కోపం వచ్చింది ఒక్కదానికే. మోకాళ్ళు నొప్పన్న మనిషిని మోకాళ్ళ మీద ఉంచుతారా? మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు మడిచి, పిరుదులు మెల్లగా పైకి లేపితే అదే పని అవుతుంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా కసరత్తు ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఓరుగల్లు చిన్నోడు:
వారమైంది. మంచం మీద చేస్తోంది. సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడల్లా, ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమన్నా. నిన్న ఎనిమిది సార్లు లేచింది, తొమ్మిదోసారికి నన్ను తిట్టింది.

ఎనుమాముల అన్న:
కుర్చీలోంచి లేస్తుంటే పొట్ట బిగుసుకోదా? ఇంక దానికి వేరే పేరెందుకు, వేరే ఫీజెందుకు?