విశాఖ కొండలు, అంటార్కిటికా: వయసు కలిస్తే చాలా?

నమస్కారం. నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. తూర్పు కనుమల రూపాంతర శిలల (భూమి లోపల వేడికీ, ఒత్తిడికీ మారిన రాళ్ల) మీద ప్రాజెక్టు రాస్తూ ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు దయచేసి సాయం చేయండి.

విశాఖ చుట్టూ ఉన్న ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లలో బలమైన రూపాంతరం సుమారు 90–100 కోట్ల ఏళ్ల క్రితం జరిగిందని జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాల్లో యురేనియం సీసంగా మారిన లెక్కతో తేలిన వయసులు చెబుతున్నాయి. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంలోనూ దాదాపు అవే వయసులు. అందుకే రోడీనియా అనే పురాతన మహాఖండంలో ఈ రెండూ ఒకే పర్వతశ్రేణి అంటారు. మనం రోజూ చూసే కొండకు మిగతా సగం మంచు కింద ఉందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది!

అయితే వయసు ఒక్కటే రుజువవుతుందా? గ్రెన్‌విల్ కాలపు (దాదాపు ఇదే వయసున్న) రాళ్లు ఉత్తర అమెరికాలోనూ ఉన్నాయి కదా. పీడనం, ఉష్ణోగ్రత మారిన క్రమం, నియోడైమియం ఐసోటోపులు (రాతి మూలపదార్థం గురించి చెప్పేవి), అవక్షేపాల నుంచి వచ్చిన పాత జిర్కాన్ గర్భాలు (రేణువు మధ్యలో మిగిలిన పాత భాగాలు), వీటిలో దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలి?

నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇంకొకటి. 50–55 కోట్ల ఏళ్ల నాటి పాన్ ఆఫ్రికన్ అనే తర్వాతి పర్వత నిర్మాణ కాలపు వేడి కొన్ని చోట్ల పాత గడియారాన్ని చెరిపేసింది. ఒక జిర్కాన్ అంచులో ఈ రెండు కాలాల మధ్య వయసు వస్తే, అది నిజంగా అప్పుడు పెరిగిన పొరా, లేక సీసం కొంత తప్పించుకుపోవడం వల్ల వచ్చిన అంకె మాత్రమేనా? కాథోడోల్యూమినిసెన్స్ చిత్రం (ఎలక్ట్రాన్లు తగిలి వెలిగే రేణువు లోపలి పొరలను చూపేది), థోరియం-యురేనియం నిష్పత్తి చూసి మీరెలా తేలుస్తారు? ఆ అంచు గార్నెట్ ఖనిజంతో పాటే పెరిగిందని చెప్పడానికి భార విరళ మృత్తికల (బరువైన రేర్ ఎర్త్ మూలకాల) సరళి సరిపోతుందా?