అప్‌డేట్: ఆరేడేళ్ల పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ప్లేలు

డాలస్ దగ్గర మా అబ్బాయి ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌కి (ఎదుటివాళ్లను పడేయకుండా, నడుముకున్న ఫ్లాగ్ అనే రిబ్బన్ లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) కోచింగ్ ఇస్తున్నాను, ఇంత చిన్న పిల్లలకు ప్లేలు (ఎవరు ఏం చేయాలో ముందే అనుకున్న ఎత్తుగడలు) గుర్తుండేలా ఎలా చెప్పాలని మొన్న అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఇప్పుడు మాకున్నవి మూడే ప్లేలు: కుడికి హ్యాండాఫ్ (బంతిని విసరకుండా చేతికే అందించడం), ఎడమకి హ్యాండాఫ్, రివర్స్ (ఒకవైపు పరుగెత్తేవాళ్లు ఎదురుగా వచ్చేవాళ్లకి బంతి అందించి ఆట దిశ మార్చడం). ఎవరు ఎటు పరుగెత్తాలో అక్కడ రంగు కోన్ పెట్టి "నువ్వు ఎర్రదాని దగ్గరికి" అంటే చాలు. అసలు కిటుకంతా హ్యాండాఫ్‌లోనే ఉంది. బంతి అందుకునేవాళ్లు క్వార్టర్‌బ్యాక్ (బంతి అందించే ఆటగాడు) వైపున్న మోచేయి పైకెత్తి, రెండో అరచేతిని పొట్ట దగ్గర వెల్లకిలా పెట్టాలి. బంతి పడగానే రెండు చేతులూ మూసేయాలి. ఇది అలవాటయ్యాక బంతి జారడం బాగా తగ్గింది.

ఫ్లాగ్ లాగేటప్పుడు చూపు ఎదుటివాళ్ల నడుము మీదే ఉండాలన్న మాట బంగారం.

పాసులకు మాత్రం ఇంకా టైముంది. ముందు పీవీ సైజు (చిన్న పిల్లల చేతికి సరిపోయే) బంతి తేవాలి. శనివారం మ్యాచ్‌లో రివర్స్ వేస్తున్నాం, పిల్లలకంటే నాకే టెన్షన్!