అత్తగారిచ్చిన పాత డచ్ పెళ్ళి కాగితాలు చదవడం ఎలా?

హార్లెమ్ నుంచి, కొత్త సభ్యురాలు:
అందరికీ నమస్కారం. పెళ్ళయి ఇక్కడికొచ్చి ఐదు నెలలైంది. మా ఆయన డచ్ మనిషి. అత్తగారు వాళ్ళ పూర్వీకుల పెళ్ళి కాగితాల కాపీలు రెండు చేతిలో పెట్టి, "నీకు కంప్యూటర్ వచ్చుగా, చూడు" అన్నారు. ఒకటి 1712లో ఆమ్‌స్టర్‌డామ్‌ది, ఇంకోటి 1843ది. క్లాసులో నేర్చుకున్న డచ్ ఒక్క ముక్క పనికిరావడం లేదు. పాతదాంట్లో తేదీ 8బెర్ అని ఉంది, ఆగస్టేనా? పైగా పెళ్ళికూతురి పేరు పక్కన "వాన్ మసులిపట్నం" అని రాసినట్టుంది! మాది గుడివాడ. రాత్రి నిద్ర పట్టలేదు.

లైడెన్ నుంచి:
అమ్మా, టెన్షన్ పడకు. 8బెర్ అంటే అక్టోబరు. లాటిన్‌లో ఆక్టో ఎనిమిది కదా, అదీ లెక్క. 7బెర్ సెప్టెంబరు, 9బెర్ నవంబరు, 10బెర్ డిసెంబరు. మా కింది ఫ్లాట్ పెద్దాయన పూర్వీకులను వెతికినప్పుడు నేనూ ఇక్కడే పప్పులో కాలేసి, కాగితం మీద ఒక బిడ్డను పెళ్ళికి ముందే పుట్టించాను.

ఆ 1712 కాగితం పెళ్ళిది కాకపోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకాల్లో ఎక్కువగా దొరికేది ఒండర్‌ట్రౌ, మన నిశ్చయ తాంబూలాల్లాంటిది. తర్వాత మూడు ఆదివారాలు అందరిలో చాటి, ఎవరూ అడ్డు చెప్పకపోతేనే పెళ్ళి. ఆ తేదీని పెళ్ళి తేదీగా ఎక్కించకు.

"వాన్" తర్వాత ఊరి పేరుంటే, ఆ ఊరి నుంచి వచ్చిన మనిషని. బందరులో డచ్ కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే వర్తక స్థావరం పెట్టింది, పులికాట్‌లో కోట కట్టింది. ఈ పెళ్ళికూతురు అక్కడి ఉద్యోగి కూతురై ఉండొచ్చు. తల్లి మన మనిషో కాదో ఆ ఒక్క మాట చెప్పదు. బందరు ఆడపడుచని ఇంట్లో అప్పుడే చాటకు. పక్కన వయసు, వీధి, తోడొచ్చినవాళ్ళ పేర్లు చూడు. "ఔడర్స్ డోట్" అని ఉంటే తల్లిదండ్రులు పోయారని అర్థం.

ఆమ్‌స్టల్వేన్ నుంచి:
చెల్లీ, 1843ది సులువు. నెదర్లాండ్స్ ఫ్రెంచ్ పాలనలో ఉన్న 1811 నుంచి దాదాపు దేశమంతా ప్రభుత్వ పెళ్ళి నమోదు ఒకే తీరు. ఇద్దరి వయసు, వృత్తి, పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, నలుగురు సాక్షులు వరసగా ఉంటారు. తల్లికి పుట్టింటి ఇంటిపేరే రాస్తారు, కాబట్టి ఆవిడ వైపూ వెనక్కి వెళ్ళొచ్చు. మన తాతమ్మల పుట్టిళ్ళు ఇలా దొరికితే ఎంత బాగుండేది!

కానీ అసలు నిధి ఆ కాగితంలో లేదు. పెళ్ళికి జతచేసిన పత్రాలుంటాయి, బెయ్‌లాఖెన్ అంటారు. ఇద్దరి పుట్టిన నమోదు నకళ్ళు, పోయిన తల్లిదండ్రుల మరణ నకళ్ళు, తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే తాతలవి కూడా. అబ్బాయికి సైన్యంలో చేరాల్సిన బాధ్యత తేలిపోయిందన్న పత్రం ఉంటుంది. అందులో ఎత్తు, కళ్ళు, ముక్కు, చుబుకం ఎలా ఉండేవో రాస్తారు. ఫొటోలు లేని కాలం మరి! ముందు వీవాస్వీ, ఓపెన్ ఆర్కీవెన్ అని పాత నమోదులు వెతికే డచ్ వెబ్‌సైట్లున్నాయి, వాటిలో ఒకదాంట్లో పేరు కొట్టి పత్రం నంబరు రాసుకో. ఆ నంబరుతో ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లోని స్కాన్లలో వెతుకు. ఓపిక కావాలి, టీ పక్కన పెట్టుకో.

హార్లెమ్ నుంచి:
అంకుల్, అక్టోబరని మార్చేశాను. బందరు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. అక్కా, బెయ్‌లాఖెన్ దొరికాయి! పెళ్ళికొడుకు ముక్కు "స్పిట్స్", అంటే సూదిగా ఉండేదట. అత్తగారు అది చదివి మా ఆయన వైపు చూసి ఒకటే నవ్వు.