గాలికి టెంట్ ఆగట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

మియాపూర్_సంచారి:
అన్నలారా, అక్కలారా, నాలుగు గంటల నుంచి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఈ టెంట్‌తో కుస్తీ పడుతున్నా. ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేస్తోంది. వాచ్‌మన్ వచ్చి చూసి నవ్వుకుంటూ పోయాడు. పోయిన శనివారం కొండ మీద కూడా ఇదే తంతు. రాత్రి పదకొండుకి గాలి మొదలైంది, పన్నెండున్నరకల్లా టెంట్ పైకప్పు నా మొహం మీద ఉంది. ఒక రాడ్ విరిగింది. నలుగురం తెల్లారేదాకా బండిలో ముడుచుకుని కూర్చున్నాం. టెంట్ మంచిదే, ఆన్‌లైన్‌లో నాలుగున్నర స్టార్లు. వచ్చే వారం మళ్లీ పోవాలి, ఫ్రెండ్స్‌కి మాటిచ్చాను. ఏం చేస్తే గాలికి ఆగుతుంది? వీడియోల్లో చెప్పినవన్నీ చేశాను. అర్జెంట్.

గుట్టలరాజు:
గై తాళ్లు కట్టావా?

నల్లమల_నేస్తం:
ముందు ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఏ కొండ? పర్మిషన్ తీసుకున్నారా? ఈ మధ్య మన హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి డిక్కీలో టెంట్ పడేసుకుని, ఎక్కడ చదునుగా కనిపిస్తే అక్కడ దిగిపోవడం ఫ్యాషన్ అయింది. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు కూడా అలాగే పోతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి పోవడమే తప్పు, ఇక టెంట్ మాట దేవుడెరుగు. ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్‌లు అంటారు, హిమాలయాల్లో చెట్ల వరుస దాటాక వచ్చే పచ్చిక బయళ్లు. 2018లో అక్కడి హైకోర్టు వాటి మీద రాత్రి బసనే ఆపేసింది. ఎందుకు ఆపాల్సి వచ్చిందో మనం ఆలోచించాలి. ఆ చలిలో ఒకసారి తొక్కి చంపిన గడ్డి మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. మీ టెంట్ ఎగిరిపోతే వేరేది కొంటారు. కొండ ఎగిరిపోతే?

మియాపూర్_సంచారి:
సార్, నేను నల్లమలకి పోలేదు. పులి లేదు, జింక లేదు, గాలి ఒక్కటే ఉంది. దయచేసి టెంట్ గురించి చెప్పండి.

అల్యూమినియం_అన్న:
తమ్ముడూ, రాడ్ విరిగింది అన్నావు. నల్లగా, బరువుగా, లోపల సాగే తాడు ఉండేదేనా? అయితే అది ఫైబర్‌గ్లాస్. రెండు మూడు వేల రూపాయల టెంట్లకి ఎక్కువగా అదే వేస్తారు. గాలికి వంగీ వంగీ నిలువునా చీలిపోతుంది. అల్యూమినియం అయితే వంకర పోతుంది గానీ చీలదు, మోకాలికి ఆనించి కాస్త సరిచేసుకుంటే ఆ రాత్రి గడుస్తుంది. స్టార్లు చూసి టెంట్ కొనకూడదు, రాడ్ చూసి కొనాలి. నేను పదేళ్లుగా ఇదే మొత్తుకుంటున్నా, వినేవాడు లేడు. ఇప్పటికి మాత్రం రాడ్ కన్నా కొంచెం లావు గొట్టం ముక్క జానెడంత కోయించుకో. విరిగిన చోటికి తొడిగి రెండు వైపులా టేపు గట్టిగా చుట్టు. ఆ ముక్క ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

మియాపూర్_సంచారి:
నల్లదే అన్నా. చేతికి ముల్లు కూడా దిగింది, ఇంకా లాగుతోంది. అయినా అంత తుఫాన్‌లో ఏ రాడ్ ఆగుతుంది చెప్పండి.

వాన_లెక్కలు:
తుఫాన్ కాదండీ. తుఫాను అంటే సముద్రం మీద పుట్టిన వాయుగుండం బలపడి, గాలి గంటకు 62 కి.మీ. దాటితేనే వాతావరణ శాఖ వాళ్లు ఆ పేరు వాడతారు. పోయిన శనివారం బంగాళాఖాతంలో అలాంటిదేమీ లేదు. మీకు తగిలింది ఎండాకాలపు ఉరుముల మబ్బు కింద పడే గాలి. మబ్బులోంచి చల్లగాలి కిందికి దబ్బున పడి నేలకి తగిలి చుట్టూ చిమ్ముతుంది. అరగంటో గంటో ఉంటుంది, దిక్కు కూడా మార్చుకుంటుంది. ఇంతకీ ఏ కొండో మీరు ఇంకా చెప్పలేదు.

పదకోశం_పద్మజ:
దాన్ని తెలుగులో ఈదురుగాలి అనరూ?

వాన_లెక్కలు:
పేపర్ వాళ్లు అన్నిటినీ అదే అంటారు మేడం. సరిగ్గా అయితే గాలిదుమారం.

పదకోశం_పద్మజ:
దుమారం అంటే దుమ్ము ఉండాలి కదా. కొండ మీద గడ్డి ఉంటే దుమ్ము ఎక్కడిది? పైగా ఈదర, ఈదురు అంటేనే చలి. చల్లటి గాలి అంటున్నారు కాబట్టి ఈదురుగాలే సరైన మాట. పేపర్ వాళ్లకి ఈ ఒక్కసారికి నూటికి నూరు మార్కులు.

బాల్కనీ_అత్త:
మా ఊళ్లో ఏదైనా గాలివానే. రేకులు లేచిపోతే పెద్ద గాలివాన, బట్టలు లేచిపోతే చిన్న గాలివాన.

మియాపూర్_సంచారి:
పేరు ఏదైనా పెట్టుకోండి మేడం, వణికి చచ్చాం. కొండ దేవమాలి. ఒడిశా, కోరాపుట్ దగ్గర. పైదాకా రోడ్డు ఉంది, పైన పూర్తిగా గడ్డి, ఒక్క చెట్టు లేదు. వ్యూ కోసం కరెక్టుగా అంచు మీద వేశాం.

వాన_లెక్కలు:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది! 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే మన హైదరాబాద్ కన్నా ఏడెనిమిది డిగ్రీలు చల్లన. వణకరా మరి. ఒడిశాలో ఈ వేసవి గాలివానకి కాలబైశాఖి అని పేరే ఉంది. ఇక అంచు సంగతి. కొండ అడ్డం వచ్చేసరికి గాలి పైకి ఎగబాకాలి, శిఖరం దగ్గర ఇరుకై వేగం పెరుగుతుంది. రెండు శిఖరాల మధ్య పల్లం అయితే ఇంకా ఘోరం, అది గాలికి గరాటు. ఫోన్‌లో మీరు చూసే గాలి అంకె నేలకి పది మీటర్ల ఎత్తున ఉండే సగటు, విసురు దానికన్నా బాగా ఎక్కువ ఉంటుంది, అది వేరే అంకెగా ఇస్తారు. వేగం రెట్టింపైతే టెంట్ మీద పడే తోపు నాలుగింతలు. టెర్రస్ మీద గంటకు ఇరవై కి.మీ. గాలికే లేస్తున్న టెంట్‌కి అక్కడ నలభై వస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

నల్లమల_నేస్తం:
దేవమాలి అయినా సరే, అక్కడి అటవీ సిబ్బందిని అడిగారా అన్న ప్రశ్న అలాగే ఉంది.

గుట్టలరాజు:
గై తాళ్లు కట్టావా, లేదా?

మియాపూర్_సంచారి:
ఏ తాళ్లు అన్నా? నాలుగు మూలలా మేకులు కొట్టాం.

అల్యూమినియం_అన్న:
మేకులు కాదు తమ్ముడూ, పెగ్గులు.

బాల్కనీ_అత్త:
పెగ్గులు కొట్టే పోయి ఉంటారు, అందుకే టెంట్ పడింది.

గుట్టలరాజు:
పైన వేసే వాన షీటుకి చుట్టూ, నడుము ఎత్తులో, కొక్కేల దగ్గర వేలాడే తాళ్లు.

మియాపూర్_సంచారి:
ఓ, అవా. అవి కాళ్లకి అడ్డం పడుతున్నాయని కొన్నరోజే కోసేశాను. ఎక్స్‌ట్రా అనుకున్నా. అమ్మ బట్టల దండేనికి వాడుతోంది.

గుట్టలరాజు:
దండం రా నాయనా.

అల్యూమినియం_అన్న:
అల్యూమినియం అయినా ఆగేది కాదు. ఒప్పుకుంటున్నా.

గుట్టలరాజు:
సరే, ఒక్కసారి రాస్తా, మళ్లీ అడగొద్దు. మూలల్లో కొట్టే పెగ్గులు టెంట్ ఎగిరిపోకుండా ఆపుతాయి, అంతే. టెంట్ వంగకుండా ఆపేది ఆ తాళ్లే. అవి లేకపోతే గాలి బరువంతా రాడ్ మీద పడుతుంది, అందుకే విరిగింది. కొక్కేలు ఉంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల తాడు తెచ్చి మళ్లీ కట్టు. అన్ని వైపులా కట్టు, ఒక్క గాలి వైపే కాదు, లెక్కలాయన చెప్పినట్టు ఆ గాలి దిక్కు మార్చుకుంటుంది. పెగ్గు నిటారుగా కొట్టకు. తల టెంట్‌కి అవతలి వైపుకి వాలి ఉండాలి, అప్పుడే తాడు లాగితే ఊడి రాదు. రాతినేల అయి పెగ్గు దిగకపోతే పిడికెడు రాయికి తాడు కట్టు, దాని ముందు, అంటే టెంట్ వైపు, మోయలేనంత పెద్ద రాయి తాడు మీద పెట్టు. చిన్నరాయి పెద్దరాయికి తట్టుకుని ఆగిపోతుంది. టెంట్‌కి పొట్టి వైపు గాలికి ఎదురుగా, తలుపు దానికి అవతల. అంచు మీద వద్దు. వ్యూ పొద్దున లేచి నడిచి చూసుకో. వాలు మీద కొంచెం కిందికి దిగి వేసుకో, కానీ వాన నీళ్లు పారే గాడిలో కాదు. నైలాన్ తాడు మంచుకి తడిస్తే సాగుతుంది, పడుకునే ముందు ఒకసారి బిగించు. ఉరుము వినిపిస్తే ఇవేవీ కాదు, రాడ్లు తీసి టెంట్ నేలమట్టం చేసి మీద రాళ్లు పెట్టి బండిలోకి పొండి. ఆ రాత్రి మీరు చేసిన ఒకే ఒక సరైన పని అది.
టెర్రస్ మీద పెగ్గు ఎలాగూ దిగదు. నాలుగు వాటర్ బబుల్స్, అదే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, నింపి వాటికి కట్టి చూడు. ఒక్కోటి ఇరవై కిలోలు.

సైనిక్‌పురి_సైక్లిస్ట్:
తాడు బండి చక్రానికి కట్టొచ్చా? మేం అలాగే చేస్తాం.

గుట్టలరాజు:
కట్టొచ్చు. పొద్దున బండి తీసే ముందు గుర్తుంటే.

సైనిక్‌పురి_సైక్లిస్ట్:
అదే మర్చిపోయాం ఒకసారి. టెంట్‌లో ఎవరూ లేరు, దేవుడి దయ. ఇంకో డౌట్, గాలికి స్టవ్ ఆరిపోతుంటే టెంట్ లోపల పెట్టుకోవచ్చా, జిప్ కొంచెం తెరిచి?

గుట్టలరాజు:
వద్దు. కార్బన్ మోనాక్సైడ్. వాసన రాదు, నిద్రలోనే పోతారు.

నల్లమల_నేస్తం:
స్టవ్ అనగానే గుర్తొచ్చింది, ఎండాకాలం గడ్డి మీద నిప్పు విషయంలో కూడా ఒక పెద్ద పోస్టు రాయాల్సి ఉంది. రాత్రికి రాస్తాను. ఆ రాళ్లు మాత్రం తీసిన చోటే మళ్లీ పెట్టండి, వాటి కింద కూడా ప్రాణులుంటాయి.

పదకోశం_పద్మజ:
గై తాడు అంటున్నారు, దీనికి తెలుగు లేదా? షామియానా వేసేవాళ్లు ఏమంటారు?

బాల్కనీ_అత్త:
మా వీధిలో షామియానా అబ్బాయిని అడిగా. "తాడు" అన్నాడు.

మియాపూర్_సంచారి:
సరే అన్నా, థాంక్స్. దండెం విప్పుతున్నా, అమ్మ అరుస్తోంది. రెండు కొక్కేలు తాళ్లతో పాటే కోసేసినట్టున్నా, తర్వాత చూస్తా.

అల్యూమినియం_అన్న:
కొక్కెం తెగితే షీటు లోపలి నుంచి గుండ్రటి గులకరాయి పెట్టి, బయట దాని మెడకి తాడు బిగించొచ్చు తమ్ముడూ. ఉన్నావా?

సైనిక్‌పురి_సైక్లిస్ట్:
సికింద్రాబాద్ వైపు టెంట్లు అద్దెకి ఎవరిస్తారు? మాది చిరిగింది.