చిరిగిన బట్టలు దానం పెట్టెలో వేయవచ్చా?

అయిదో అంతస్తు: మా అపార్ట్‌మెంటు కింద పాత బట్టల పెట్టె పెట్టాం. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఈసారి సగం వెనక్కి ఇచ్చేశారు. చంకలో చిరిగిన చొక్కాలు, సాగిపోయిన లెగ్గింగులు, నూనె మరకల దిండు గలీబులు. కమిటీలో రెండు పక్షాలయ్యాయి. "పారేసే బదులు ఇస్తే తప్పేంటి, ఎవరికో పనికొస్తుంది" అని కొందరు. మనం తొడుక్కోలేనిది ఇంకొకరి మీద రుద్దడం దానం ఎలా అవుతుందని నా వాదన. మీరేమంటారు?

గోదారి గట్టు: మీతో ఏకీభవించలేనండీ. "చిరిగినవి వద్దు" అని బోర్డు పెడితే జనం ఇంట్లో దాచుకుని కుట్టించుకుంటారా? తడిచెత్తలో కలిపేస్తారు. పెట్టెలో వేస్తే కనీసం పాత బట్టల్ని మళ్ళీ దారం చేసే మిల్లులున్న పానిపట్ లాంటి చోటికి చేరి దుప్పటి అవుతుంది కదా.

నూలు లెక్కలు: పానిపట్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా, ఉద్యోగరీత్యా ఆ మిల్లులు చూశాను. అక్కడ ఏ చింకిగుడ్డ పడితే అది తీసుకోరు. ఆ ఊరికి పేరు తెచ్చింది ఉన్ని. చలిదేశాల వాళ్ళు వదిలేసిన స్వెటర్లు, కోట్లు. వాడిన దుస్తులను మన దేశంలోకి స్వేచ్ఛగా దిగుమతి కానివ్వరు, మళ్ళీ తొడుక్కునే వీలు లేకుండా కోసేసిన పీలికలైతే రానిస్తారు. మిల్లులో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని గుండీలు, జిప్పులు, లేబుళ్ళు కోసేసి రంగుల వారీగా గుట్టలు పోస్తారు. ఎర్ర గుట్ట నుంచి ఎర్ర దారమే వస్తుంది, అద్దకం ఖర్చు మిగులుతుంది. తర్వాత యంత్రం గుడ్డను చీల్చి దూదిలా చేస్తే, దాన్ని ఏకి, వడికి, దుప్పట్లు నేస్తారు. 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా మొదలుపెట్టాడని చెప్పే పద్ధతే ఇది, షాడీ అంటారు. వరదలప్పుడు పంచే చవక దుప్పట్లలో ఇవి బాగా కనిపిస్తాయి. చీల్చినప్పుడు పోగు పొట్టిదైపోతుంది, అందుకే ఆ గరుకు. మెత్తటి పాలిస్టర్ దుప్పట్లు వచ్చాక ఆ గిరాకీ కూడా తగ్గింది. పాత నూలు బట్టల నుంచీ దారం తీస్తున్నారు గానీ, దానికి ఎక్కువగా వాడేది గార్మెంట్ ఫ్యాక్టరీల శుభ్రమైన కత్తిరింపులు. మీ లెగ్గింగుల్లోని సాగే దారం చీల్చే యంత్రానికి తలనొప్పి. వాటికి లారీ కిరాయి దండగ.

గోదారి గట్టు: సరే, లెగ్గింగులు వదిలేయండి. నూలు చొక్కా సంగతి?

షెడ్డు మేస్త్రి: నూలు చొక్కా నాకివ్వండి సార్! మేం కాటన్ వేస్ట్ కిలోల లెక్కన కొంటాం. గ్రీజు, ఆయిల్ పీల్చేది నూలే. పాలిస్టర్‌తో తుడిస్తే ఆయిల్ అటూ ఇటూ పూసినట్టవుతుంది. అయితే గుండీలు, జిప్పులు తీసేసి ఇవ్వాలి, పెయింటు మీద గీత పడితే కస్టమరు ఊరుకోడు. ఇంకో మాట, పాలిష్ పని చేసేవాళ్ళు లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.

పెరటి జాజి: అసలు ఇవన్నీ ఇంటి గడప దాటడమే నాకు వింత. పాత నూలు చీర అంటే బాలింతకు, పసిబిడ్డకు మెత్తటి గుడ్డలు, ఆ తర్వాత బొంత, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఇప్పుడు షాపులో డబ్బులిచ్చి తుడుచుకునే గుడ్డ కొంటున్నాం, చీరలేమో దానం పెట్టెలో వేస్తున్నాం. మా వీధిలో ఒకావిడ చిరిగిన నైటీలు పనమ్మాయికిచ్చి దసరా మామూలు ఎగ్గొట్టింది. ఆ అమ్మాయి వాటిని మూల మీద చెత్తకుండీలో వేసి వెళ్ళింది. మంచి పని చేసింది.

రేవు మనిషి: 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానం బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. సర్వం పోయినవాళ్ళైనా పాతవి కట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆ గుట్టల్ని తీసుకెళ్ళి వేరుచేసి పనికి తెచ్చింది గూంజ్, 1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టిన సంస్థ. వాళ్ళు పాత నూలుగుడ్డతో ఆడవాళ్ళకు నెలసరి ప్యాడ్లు కూడా చేయిస్తారు. అంటే పాతగుడ్డ వ్యర్థం కాదు, ఒప్పుకుంటా. కానీ వేరుచేయడం, ఉతకడం, కోయడం ఎవరో ఒకరు చేయాలి. మనం ఉచితంగా ఇచ్చామనుకుంటాం, ఆ కూలి ఖర్చు సంస్థ వాళ్ళు భరిస్తారు.

అయిదో అంతస్తు: అయితే రెండు పెట్టెలు పెడతాం. ఒకటి తొడుక్కునేవాటికి. రెండోది చిరిగిన నూలుకు మాత్రమే, ఉతికి, గుండీలు తీసి వేయాలి. అది మేస్త్రి గారి లాంటి వాళ్ళకు ఇస్తాం.

గోదారి గట్టు: మరి పాలిస్టర్ ఎక్కడికి పోవాలి? మనం కొనేవాటిలో సగం అవే. దానికి మీలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

అయిదో అంతస్తు: లేదు. పొడిచెత్తలోకే.

పెరటి జాజి: ఏది నూలో, ఏది కలగలుపో మీ వాళ్ళకు ఎలా తెలుస్తుందండీ? లేబుళ్ళు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి.

షెడ్డు మేస్త్రి: అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల చూపించండమ్మా. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి నల్లగా గట్టిపడుతుంది. ఈ పని మాత్రం వాచ్‌మన్ మీద వేయకండి సార్, ఇచ్చేవాళ్ళనే చూసుకు రమ్మనండి.